మూడు రోజులు తడపకూడదు

కవెంట్రీలో, ఫోల్స్‌హిల్ రోడ్డు మీద
తలుపు తీసినప్పుడల్లా వాన తొంగిచూసే సెలూన్లో
కిటికీ జానెడు తెరిచి
ఫ్యాను వీధివైపు తిప్పి
మాస్కు కట్టుకుని
కెరటిన్ సీసా మూత తీస్తాను.

ఆ మందు ఇందులో లేదని
సీసా మీద పెద్దక్షరాలు.
నా ముక్కు మాత్రం చదువుకున్నది.
నరసరావుపేట కాలేజీలో ఆరేళ్ళు
జువాలజీ ల్యాబు తాళాలు నా దగ్గరుండేవి.
గాజుజాడీల్లో కప్పా, కోడిపిండం, రెండుతలల పామూ
ఏ వాసనలో నిద్రపోయేవో
ఇది దాని చెల్లెలు.

కొమ్మూ గిట్టా ఈకా గోరూ వెంట్రుకా
అన్నీ ఒకే సరుకు, రాసుకోండి అనేదాన్ని.
రాసుకున్నవాళ్ళు ఎక్కడెక్కడున్నారో.
చెప్పినదాన్ని ఇక్కడున్నాను,
అదే సరుకుని దువ్వెన తోకతో పాయలు తీస్తూ.

బెరిల్ వచ్చింది మంగళవారం.
మంగళవారం మా ఇంట్లో గోరు కూడా తీసేవాళ్ళు కాదు.
ఇక్కడ పెన్షనర్లకి ఆరోజే తగ్గింపు.

ఇరవై రెండేళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషి,
కుర్చీలో కూర్చోగానే ముందు అద్దం సర్దబోయింది.
తర్వాత హ్యాండ్‌బ్యాగు తీసి
నర్సు రాసిచ్చిన కాగితం చూపించింది:
మందులు ఆపి పద్నాలుగు నెలలు, చేయించుకోవచ్చు.
"పోయినప్పుడు తిన్నగా ఉండేది, వచ్చింది ఇదీ"
అని గొర్రెపిల్ల ఉంగరాల్ని వేలితో లాగి వదిలింది.
"పక్కింటి ఉత్తరం మనింట్లో పడినట్టు
ఎవరిదో నాకొచ్చింది."

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు మావైపు.
పోయి, మళ్ళీ వచ్చినమ్మ సంగతి
సామెత కట్టినవాళ్ళకి తట్టలేదు.

రెండువందల ముప్ఫై డిగ్రీలు. పాయకి ఏడుసార్లు.
పలకల మధ్య ఉంగరం ఒకసారి బుసకొట్టి
పడుకుంటుంది.
కళ్ళు మండుతున్నాయా అన్నాను.
"ఇంతకన్నా మండినవి చూశాను, కానీ."

మూడుగంటలు.
మూడు రోజులు తడపకూడదు, పిన్ను పెట్టకూడదు,
చెవి వెనక్కి తొయ్యకూడదు అన్నాను.
"తొయ్యకపోతే
ఈ చెయ్యి ఎక్కడ పెట్టుకోను?"
నిజమే, నా దగ్గర జవాబు లేదు.
బయట జల్లు.
తలకి ప్లాస్టిక్ టోపీ, దానిమీద కూరగాయల సంచీ చుట్టి
బస్‌స్టాపు దాకా గొడుగు పట్టాను.
డ్రైవరు ఆమెని చూసి హారన్ కొట్టాడు.

నాలుగు నెలలయ్యాక మళ్ళీ మంగళవారం.
మొదళ్ళలో రెండంగుళాలు
ఉంగరాలు, నెరిసినవి, మొండివి.
కుక్కతోక సామెత నాలుక చివరిదాకా వచ్చింది,
మింగేశాను.
సీసా కోసం అలమర తెరిచాను.

"అది వద్దు" అంది బెరిల్ అద్దంలోంచి.
"నాలుగు నెలలూ పొద్దున్నే పాత బెరిల్ కనపడింది.
మంచిమనిషే.
కానీ ఆవిడకి ఏమీ తెలియదు.
ఏం జరిగిందో ఒక్కముక్క తెలియదు."
కాసేపు ఊరుకుంది.
"తిన్నగా ఉన్నదంతా కోసెయ్."

కోశాను.
ఏడుసార్లు కాల్చి నేను పడుకోబెట్టినదాన్ని
నేనే.
నేలమీద కుంచెడు సూదులు.
మిగిలింది అరచేతికి పిచ్చుకగూడులా తగిలింది,
గీతలుపడిన నా బొటనవేలి గోటితో సహా
అన్నీ ఒకే సరుకు.

వెళ్ళేముందు చెవి వెనక్కి తోసుకోబోయింది.
అందేంత లేదు.
చెయ్యి ఒక్కక్షణం గాల్లో ఆగి
జేబులోకి పోయింది.

ఓనరు కుల్విందర్ లెక్కల పుస్తకం తోసింది నావైపు.
ఏం చేశావ్?
రాశాను:
ట్రిమ్. పన్నెండు పౌండ్లు. తగ్గింపు పోను తొమ్మిది.